ఆర్కిడ్ పువ్వు 'మెలి' తిరుగుతుందా, 'పురి' తిరుగుతుందా?

అందరికీ నమస్కారం. నేల మీద పెరిగే అడవి ఆర్కిడ్ల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ, ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

విషయం ఇదీ. ఆర్కిడ్ పువ్వుకు మూడు రక్షకపత్రాలు, మూడు ఆకర్షణపత్రాలు ఉంటాయి. ఆ ఆకర్షణపత్రాల్లో ఒకటి మిగతా రెండింటిలా ఉండదు. వెడల్పుగా, చాలాసార్లు మచ్చలతో, వచ్చిన పురుగు వాలడానికి అరుగు వేసినట్టు కింద పరుచుకుని ఉంటుంది. దాన్ని పెదవి అంటారు. కానీ మొగ్గలో ఈ పెదవి పైన ఉంటుంది! మొగ్గ విచ్చుకునే లోపు పువ్వంతా 180 డిగ్రీలు తిరిగి పెదవి కిందికి వస్తుంది. శాస్త్రంలో దీని పేరు రీసుపినేషన్. లాటిన్ మూలంలో వెల్లకిలా తిప్పడం అనే అర్థం ఉంది.

'వెల్లకిల' అని రాద్దామనుకున్నాను. కానీ పువ్వును చూస్తే వెల్లకిలా పడుకున్నట్టు ఎక్కడా అనిపించదు, ఎదురుగా నిలబడి మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. 'తలకిందులు' అంటే ఫలితం చెప్పినట్టు అవుతుంది గానీ, అది ఎలా జరిగిందో తెలియదు. ఇక మిగిలినవి మెలి, పురి.

అసలు తిరిగేది ఏదో చూస్తే మాట దానంతట అదే దొరుకుతుందని నా నమ్మకం. యూరప్ అడవుల్లో, గడ్డినేలల్లో వసంతంలో ఊదారంగు పూలు పూసే ఆర్కిస్ మాస్కులా అనే ఆర్కిడ్‌నే తీసుకోండి. కంకిలో ఒక్కో పువ్వు వెనక సన్నని కాడ ఉన్నట్టు కనిపిస్తుంది. మనం తొడిమ అనేస్తాం. అది తొడిమ కాదు, అండాశయం. ఆర్కిడ్లలో అండాశయం రేకుల కింద ఉంటుంది, అదే ముదిరి కాయ అవుతుంది. దాని మీద పొడుగునా సన్నని గట్లు ఉంటాయి. పువ్వు విచ్చాక ఆ గట్లు తిన్నగా ఉండవు. రెండు మూడు పోగులు కలిపి పేనిన దారంలా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి. ఒక్క పువ్వు వెనక్కి తిప్పి చూస్తే చాలు, భూతద్దం కూడా అక్కర్లేదు.

అందుకే నా ఓటు 'పురి'కి. మెలి అనగానే చెవి మెలిపెట్టడం, చెయ్యి మెలితిప్పడం గుర్తొస్తాయి. పక్కవాడి బలం, నొప్పి అందులో ఉన్నాయి. మెలిక అంటే మరీ దూరం, బేరంలో పెట్టేది అది. పురి దారానిది, తాడుది. మీరేమంటారు?

వ్యాఖ్య: పురి అంటే నెమలి గుర్తొస్తుందండి. 'పురి విప్పింది' అంటే పువ్వు విచ్చుకుందని పొరపడరా?

జవాబు: మంచి అనుమానం. నెమలి పురి వేరు, అది పింఛం. దారం పురి వేరు. వ్యాసంలో 'పురి విప్పింది' అని ఎక్కడా రాయను, 'పురి తిరిగింది' అనే రాస్తాను. పురికొస చేత్తో పట్టుకున్నవాళ్లెవరికీ అక్కడ నెమలి గుర్తు రాదు.

వ్యాఖ్య: అన్నీ సగం చుట్టే తిరుగుతాయా? అయితే 'తలకిందులు' చాలు కదా, అందరికీ తెలిసిన మాట.

జవాబు: ఈ ప్రశ్నతోనే నాకు తేలిపోయిందండి. బురదనేలల్లో పెరిగే హామర్బియా పాలుడోసా అనే చిన్న ఆర్కిడ్ ఉంది. దాని పువ్వు 360 డిగ్రీలూ తిరుగుతుంది. అంటే అంతా తిరిగాక పెదవి మళ్లీ పైనే ఉంటుంది! దాన్ని తలకిందులు అనలేం. ఆల్ప్స్ కొండల్లో పెరిగే నిగ్రిటెల్లా అనే ఆర్కిడ్‌కు కూడా పెదవి పైనే, కానీ అది అసలు తిరగదు. చూడటానికి రెండూ ఒకలాగే ఉన్నా జరిగింది వేరు. మొదటిదాన్ని 'నిండు చుట్టు పురి' అని, రెండోదాన్ని 'పురి లేని పువ్వు' అని చెప్పొచ్చు. మామూలు వాటికి 'అర చుట్టు పురి'. ఒక్క మాటతో మూడూ చెప్పగలిగాం.

వ్యాఖ్య: ఆర్కిడ్‌కే తెలుగు పేరు పెట్టకూడదా? బదనిక అనొచ్చు కదా.

జవాబు: బదనిక ఇంకో చెట్టు మీద మొలిచి దాని రసం పీల్చే మొక్క. కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లు కూడా ఆ పని చెయ్యవు, కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటాయి. నేల ఆర్కిడ్‌కైతే మట్టిలో సొంత దుంపలే ఉంటాయి. ఆర్కిస్‌లో అవి జంట దుంపలు: ఒకటి ఈ ఏటి మొక్కకు తిండి పెడుతూ ముడతలు పడిపోతుంది, రెండోది వచ్చే ఏటి కోసం నిండుతుంది. ఆ జంటను చూసే గ్రీకులు వృషణం అనే అర్థం వచ్చే 'ఆర్కిస్' అన్న పేరు పెట్టారు. ఆర్కిడ్‌ను ఆర్కిడ్‌గానే ఉంచుదామండి.

వ్యాఖ్య: పెదవి వెనక పొడుగ్గా ఉండే స్పర్‌ను తేనెగొట్టం అంటే బాగుంటుంది.

జవాబు: వినడానికి ఎంతో బాగుంది, వాడాలనే ఉంది. కానీ ఆర్కిస్ మాస్కులా గొట్టంలో తేనె ఉండదు! తేనె ఉందనుకుని వచ్చిన తేనెటీగ తల దూర్చి, నుదుటికి రెండు పుప్పొడి ముద్దలు అంటించుకుని ఉత్తచేతులతో పోతుంది. డార్విన్ ఒక పెన్సిల్ మొన దూర్చి ఆ ముద్దను బయటికి తీసి చూశాడు. దాదాపు 30 సెకన్లలో అది ముందుకు వంగింది, ఇంకో పువ్వు కీలాగ్రానికి సరిగ్గా తగిలే కోణంలో. తేనె లేని చోట తేనెగొట్టం అని రాయలేను. 'తోక' అంటాను. తేనె ఉన్న జాతుల దగ్గర మాత్రం మీ మాటే వాడతాను.

వ్యాఖ్య: అయితే వాక్యం ఎలా రాస్తున్నారు?

జవాబు: ఇలా. "మొగ్గలో పైనున్న పెదవి, అండాశయం అర చుట్టు పురి తిరగడంతో, పువ్వు విచ్చేసరికి కిందికి వస్తుంది." 'పురి ఎక్కడంతో' అని కూడా రాసి చూశాను, కానీ ఎవరో ఎక్కించినట్టు వినిపించింది. 'తిరగడం'తోనే ఉంచాను.