‘నో వాటర్’ అన్న పిల్లకి మార్కు వెయ్యాలా?

ఆరో తరగతి టీచర్:
ప్రభుత్వ బడిలో ఇంగ్లీష్ చెప్తాను. మా క్లాసులో ముప్ఫై రెండు మంది. ఎక్కువమంది ఇంట్లో తెలుగే. లంబాడీ పిల్లలు తొమ్మిది మంది, ఉర్దూ పిల్లలు నలుగురు. పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్పేస్తారు.

పోయిన వారం పుస్తకంలో లేని రెండు వాక్యాలు బోర్డు మీద రాశాను: ‘ద వెల్ ఈజ్ డ్రై. ద విమెన్ వాక్ టు ద నెక్స్ట్ విలేజ్.’ ఎందుకు నడుస్తున్నారని ఇంగ్లీష్‌లోనే అడిగాను. ఎవరూ నోరు మెదపలేదు. ఎప్పుడూ ఫస్టొచ్చే అబ్బాయి లేచి పాత పాఠంలోని జవాబొకటి అప్పజెప్పాడు.

వెనక బెంచీలో లంబాడీ పిల్ల పక్కపిల్ల చెవిలో తమ భాషలో ఏదో చెప్పింది. ఆ పక్కపిల్ల, ‘బావి ఎండిపోయింది కదా టీచర్!’ అంది. ఇంగ్లీష్‌లో చెప్పమన్నాను. మొదటి పిల్ల బోర్డు మీది ‘డ్రై’ కేసే చూస్తూ మెల్లగా ‘నో వాటర్’ అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా హెడ్మాస్టర్ గారేమో పూర్తి వాక్యం రాయకపోతే మార్కు రాదు, క్లాసులో వేరే భాష వినపడకూడదు అన్నారు. తల్లిదండ్రులకేమో మాట్లాడటం వస్తే చాలు. అసలు దేనికోసం నేర్పుతున్నాం మనం?

రిటైరైన మాస్టారు:
మార్కు వెయ్యండమ్మా. కొత్త వాక్యం చదివి అర్థం లాగింది, చదువంటే అదే. ‘యెస్, దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ద వెల్’ అని మీరు నిండుగా చెప్పి వదిలేయండి, నాలుగుసార్లు వింటే వాక్యం దానంతటదే వస్తుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఎన్‌సీఈఆర్‌టీ వేసిన ఇంగ్లీష్ బృందం చెప్పిన లక్ష్యాలు రెండే: సహజంగా భాష వంటబట్టినట్టు కనీస ప్రావీణ్యం రావడం, ఆ భాషతో ఆలోచించి విషయం నేర్చుకోగలగడం. అప్పజెప్పడం ఈ రెంటిలోనూ లేదు.

ఒక తండ్రి:
నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఫిజిక్స్ లెక్చరర్ ‘యాక్సిలరేషన్’ అంటుంటే రెండు వారాలు బిక్కమొహం వేసుకుని కూర్చున్నా. పక్కవాడు ‘త్వరణంరా’ అన్నాడు. అంతే, తొమ్మిదిలో చదివిన పాఠం మొత్తం కళ్లముందుకొచ్చింది. విషయం నా దగ్గర ఉంది, పేరొక్కటే లేదు. ఆ పిల్ల చెవిలో చెప్పిన మాటను దయచేసి ఆపకండి టీచర్ గారూ.

భాషాబోధన విద్యార్థిని:
తల్లిదండ్రుల తొందర గురించి ఒక మాట. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కబుర్ల భాషను, పాఠం భాషను వేరుచేసి చూపించాడు. వలస వచ్చిన పిల్లలకు మొదటిది రెండేళ్లలో పట్టుబడినా, రెండోదానిలో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టింది. అదీ చుట్టూ ఇంగ్లీషే వినిపించే కెనడాలో. రోజుకో పీరియడ్‌తో మన పిల్లలకు ఇంకెంత ఓపిక పట్టాలో చూడండి.

ఆరో తరగతి టీచర్:
అందరికీ ధన్యవాదాలండీ. వచ్చే స్లిప్ టెస్టులో పుస్తకంలో లేని పేరా ఒకటి ఇస్తున్నాను. అర్థం పట్టుకుంటే రెండు మాటలు రాసినా అర మార్కు, వాక్యంగా రాస్తే ఇంకో అర. హెడ్మాస్టర్ గారు ఒక్కసారికి చూద్దామన్నారు. ఆ పిల్ల చెవిలో ఏం చెప్పిందో ఇవాళ అడిగి, తెలుగు లిపిలో నా నోట్సులో రాసుకున్నాను. పలకడం సరిగ్గా రాలేదని నాచేత మూడుసార్లు చెప్పించింది.