స్ట్రాటజీ, స్టేట్ తేడాల పట్టిక బట్టీ పట్టాలా? ఇంటర్వ్యూకు ప్యాటర్న్లు ఎంతవరకు?

అమీర్‌పేట_అభ్యర్థి:
జావాలో రెండేళ్ల అనుభవం, కంపెనీ మారే ప్రయత్నంలో ఉన్నా. పోయిన వారం ఒకచోట డిజైన్ ప్యాటర్న్లలో (కోడ్‌లో తరచూ వచ్చే సమస్యలకు అలవాటైన పరిష్కారాలు) స్ట్రాటజీకీ స్టేట్‌కీ తేడా అడిగారు. రెండింటి క్లాసుల బొమ్మలూ గీశాను. ఆయన చూసి, "రెండూ ఒకేలా ఉన్నాయిగా, తేడా ఎక్కడుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. 23 ప్యాటర్న్లకూ నిర్వచనాలు రాసుకున్న నోట్సు ఉంది, అందులో దీనికి జవాబు లేదు. రూమ్మేటేమో ఇవన్నీ వదిలేసి డేటా స్ట్రక్చర్లు చేసుకో అంటున్నాడు. ఏ రెండింటికి ఏం తేడా అని పట్టిక గీసుకుని చదవాలా, వదిలేయాలా?

ప్యానెల్_వైపు:
వదలొద్దు తమ్ముడూ, పట్టిక మాత్రం వద్దు. ఆ ప్రశ్న నేనూ అడుగుతాను, బొమ్మలు ఒకటేనని తెలిసే అడుగుతాను. రెండింట్లోనూ ఒక ఆబ్జెక్ట్ తన పనిని ఇంటర్‌ఫేస్ (ఏ పనులు చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందం) వెనకున్న ఇంకో ఆబ్జెక్ట్‌కు అప్పజెబుతుంది.

భోజనం ఆర్డర్ చేసే యాప్ తీసుకో. డబ్బు యూపీఐలో కట్టాలా, కార్డుతోనా, ఇంటికొచ్చాక నగదా అన్నది కస్టమర్ ఎంచుకుంటాడు. కార్డు కోడ్‌కు యూపీఐ అనేది ఒకటుందని కూడా తెలియనక్కర్లేదు. అది స్ట్రాటజీ. ఇక ఆర్డర్ సంగతి చూడు. వంట మొదలవకముందు క్యాన్సిల్ నొక్కితే మొత్తం వెనక్కి, మొదలయ్యాక కొంత కోత, డెలివరీ అయ్యాక ఆ బటనే పనిచేయదు. నొక్కేది ఒకే బటన్, జరిగేది ఆర్డర్ ఏ దశలో ఉందో దాన్ని బట్టి. ఒక దశ తన తర్వాతి దశను తానే పెడుతుంది. అది స్టేట్.

పైథాన్_పక్షం:
నేను ఒప్పుకోనండీ. ఆ 23 గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడీస్ నలుగురూ 1994లో తెచ్చిన పుస్తకంలోవి, ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్‌లో, స్మాల్‌టాక్‌లో. 1996లోనే పీటర్ నార్విగ్, లిస్ప్, డిలన్ లాంటి భాషల్లో వాటిలో 16 తేలికైపోతాయి లేదా కనిపించకుండానే పోతాయి అని చూపించారు. పైథాన్‌లో జాబితాను వరుసలో పెట్టే సార్టెడ్‌కు, దేన్నిబట్టి పెట్టాలో చెప్పే కీగా ఒక ఫంక్షన్ ఇస్తే స్ట్రాటజీ అయిపోయినట్టే. 2014లో జావా 8తో లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక జావాలోనూ అంతే. సింగిల్టన్‌ను (ఒక క్లాసుకు ఒకే ఆబ్జెక్ట్ ఉండేలా చూసే ప్యాటర్న్) జాబితాలోంచి తీసేయాలని గామాయే 2009లో అన్నారు. రాసినవారే వద్దన్నదాన్ని పట్టుకుని రెండేళ్ల అనుభవమున్న కుర్రాణ్ని తిప్పి పంపడం అన్యాయం.

ప్యానెల్_వైపు:
రెండింట్లో ఏది ముందో చెప్పే కంపారేటర్‌ను లాంబ్డాగా రాసినా, పోల్చే పద్ధతిని బయటినుంచి ఇస్తున్నామన్న ఆలోచన మారలేదు కదండీ. క్లాసులు తగ్గాయి, అంతే. సింగిల్టన్ నేను అడిగేది థ్రెడ్ల (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల) కోసం. రెండు థ్రెడ్లు ఒకేసారి వస్తే ఏమవుతుంది, డబుల్ చెక్డ్ లాకింగ్‌లో (తాళం వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి ఆబ్జెక్ట్ ఉందా అని చూసుకునే పద్ధతి) వోలటైల్ అనే జావా పదం ఎందుకు, ఈనమ్‌తో రాస్తే ఆ గొడవెందుకు ఉండదు... అసలు మాటలు అక్కడ మొదలవుతాయి. నిర్వచనం ఒప్పజెప్పించుకుని మార్కులేసే ఇంటర్వ్యూలు తప్పే, అక్కడ మీ మాటే నా మాట.

బెంగళూరు_బ్యాకెండ్:
ఎక్కువ చదివితే వచ్చే ప్రమాదం ఇంకోటుంది. మెషిన్ కోడింగ్ రౌండ్‌లో (ఇచ్చిన టైములో నడిచే కోడ్ రాసే ఇంటర్వ్యూ) 90 నిమిషాల్లో పార్కింగ్ లాట్ ప్రోగ్రాం రాయమన్నారు. ఫ్యాక్టరీ, బిల్డర్, సింగిల్టన్, అబ్జర్వర్ ప్యాటర్న్లన్నీ దింపాను. గంట దాటేసరికి ఇరవై క్లాసులున్నాయి, బండికి టికెట్ మాత్రం రావట్లేదు. బయటికొచ్చి ఏడ్చేశాను. తర్వాత ఇంకోచోట అదే ప్రశ్న వచ్చింది. ఈసారి మామూలు క్లాసులతో నడిచే కోడ్ ముందు చూపించి, "ఆదివారం రేటు వేరే అయితే?" అని వాళ్లు అడిగాకే ఫీజు లెక్కను స్ట్రాటజీగా విడదీశాను. ఆ ఉద్యోగంలోనే ఉన్నాను ఇప్పుడు.

ప్యానెల్ అన్నా, మీ మాటకు ఒక సవరణ. దశ తన తర్వాతి దశను తానే పెట్టాలన్న నియమం లేదు. మార్పును కాంటెక్స్ట్ (దశను తనలో పెట్టుకునే ఆబ్జెక్ట్, ఇక్కడ ఆర్డర్) అయినా నిర్ణయించవచ్చు, స్టేట్ క్లాసులైనా నిర్ణయించవచ్చు అని ఆ నలుగురి పుస్తకంలోనే ఉంది.

ప్యానెల్_వైపు:
నిజమేనమ్మా, నేనే తొందరపడ్డాను. ఇలా చెప్పాల్సింది: స్ట్రాటజీలో ఏది వాడాలో బయటివారు తెలిసి ఎంచుకుంటారు, స్టేట్‌లో లోపల దశ మారిన సంగతి బయటివారికి తెలియనక్కర్లేదు.

అమీర్‌పేట_అభ్యర్థి:
ఇది చదివి మా ఆఫీసు సెలవుల మాడ్యూల్ తెరిచి చూశాను. "పెండింగ్ అయితే" అన్న ఇఫ్ ఏడు ఫైళ్లలో ఉంది. మొన్న "మేనేజర్ వెనక్కి పంపారు" అనే దశ కలిపినప్పుడు రెండుచోట్ల మర్చిపోయాం, ఆమోదం కాని సెలవు జీతం లెక్కలోకి వెళ్లిపోయింది. ఇది స్టేట్‌తో తీరాల్సిన సమస్యే కదా? రేపు కోడ్‌ను వేరే బ్రాంచ్‌లో (విడి కాపీలో) విడదీసి రాసి చూస్తా. దశలు డేటాబేస్‌లో స్ట్రింగులుగా ఉన్నాయి. చదివేటప్పుడు వాటినుంచి స్టేట్ ఆబ్జెక్ట్ తెచ్చేది ఎవరు, ఆబ్జెక్టులు తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీయా?

పైథాన్_పక్షం:
ఒక మ్యాప్ చాలు తమ్ముడూ. స్ట్రింగ్ కీ, ఎదురుగా ఆబ్జెక్ట్. తెలియని స్ట్రింగ్ వస్తే ఎర్రర్ వేసేయ్, నిశ్శబ్దంగా పెండింగ్‌లోకి నెట్టొద్దు. దానికోసం ఫ్యాక్టరీ క్లాస్ మాత్రం రాయకు.