స్కూలుకి 2 లక్షలు: రోబోటిక్స్ కిట్లు కొనాలా, పాత సామానుతో చేయించాలా?

పూర్వ విద్యార్థి:
మా ఊరి జడ్పీ హైస్కూల్లో చదివినోళ్ళం కలిసి 2 లక్షలు పోగేశాం, పిల్లలు సైన్సు చేత్తో చేసి నేర్చుకోవాలని. సగం మంది ఆర్డుయినో బోర్డులు (కోడ్ ఎక్కించి లైట్లూ మోటార్లూ నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెన్సార్లు, త్రీడీ ప్రింటర్ కొందామంటున్నారు, మిగతావాళ్ళేమో అవన్నీ బీరువాలోకే పోతాయి అంటున్నారు. చూసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ ఫిజికల్ సైన్సు మాస్టారు:
బాబూ, మోటారుతో మొదలెట్టండి. వైండింగ్ షాపులో దొరికే రాగితీగ, రెండు పిన్నీసులు, ఒక బ్యాటరీ, పాత స్పీకరు అయస్కాంతం, అంతే సామాను. తీగ చుట్ట చుట్టి రెండు కొసల మీద పూతని పూర్తిగా గీకితే అది సరిగ్గా తిరగదు, ఊగి ఆగిపోతుంది, ఎందుకంటే సగం చుట్టు తిరిగాక అదే కరెంటు దాన్ని వెనక్కి తోస్తుంది. ఒక కొసని ఒకవైపే గీకితే ఆ సగంలో కరెంటు ఆగి, ఉన్న ఊపు మీద దాటేస్తుంది. ఈ సంగతి నేను ముందు చెప్పేవాణ్ణి కాదు, రెండు పీరియడ్లు వాళ్ళనే తంటాలు పడనిచ్చేవాణ్ణి. తిరిగిన రోజు క్లాసులో అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఎంబెడెడ్ ఇంజినీర్, హైదరాబాద్:
మాస్టారూ మీ మోటారంటే గౌరవమే, కానీ అక్కడే ఆపేస్తే ఎట్లండీ? సిటీలో ఫీజులు కట్టే పిల్లలు రోబోలు చేస్తుంటే జడ్పీ పిల్లలకి పిన్నీసులు చాలని మనమే తేల్చేయడం అన్యాయం. 2016లో నీతి ఆయోగ్, స్కూళ్ళలో పిల్లలు ఇలాంటివి సొంతంగా చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టి ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా ఇచ్చింది ఆరో తరగతి నుంచే పిల్లల చేతికి ఇవి అందాలనే కదా. నేను బోర్డు ముట్టుకుంది బీటెక్ మూడో ఏడాదిలో, ఆ వెనకబాటు ఎలా ఉంటదో నాకు తెలుసు.

సైన్సు టీచర్, ప్రకాశం జిల్లా:
సార్, ఇద్దరూ సామాను గురించే మాట్లాడుతున్నారు. నేను ల్యాబున్న స్కూల్లో పనిచేశాను, సెన్సార్ కాలితే లెక్క ఎవరు చెప్పాలన్న భయంతో తాళం తీసేవాళ్ళే కాదు, తీసిన రోజున పిల్లలు వీడియోలో కోడ్ చూసి ఎక్కించేవాళ్ళు, లైటు వెలిగితే అయిపోయినట్టే. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం చూడండి, బడి పిల్లలు ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకునేవాళ్ళు, పారేసే సామానుతో బొమ్మలు చేసి సైన్సు చెప్పే అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో ఆకారాలు చేయించింది అక్కడే, కానీ అసలు బలం అది కాదు. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, పరీక్ష కూడా మార్చారు, పుస్తకం చూసి రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. 2002లో ప్రభుత్వం ఆపేసింది, అయినా 30 ఏళ్ళు నడిచింది. మన టెన్త్ పబ్లిక్‌లో ప్రయోగానికి చోటు లేదు, ఇంక జనవరి తర్వాత ల్యాబులోకి ఎవరు పంపుతారు?

ఎంబెడెడ్ ఇంజినీర్:
తాళం మాట ఒప్పుకుంటా మేడమ్. అయినా పది బోర్డులైనా ఉండాలనే అంటాను. కాలినవాటికి డబ్బు నేను వేస్తా.

రిటైర్డ్ మాస్టారు:
ఆ మాట కాగితం మీద రాసి హెడ్మాస్టరుకి ఇవ్వు నాయనా.

పూర్వ విద్యార్థి:
ప్రింటర్ మానేస్తున్నాం. పది బోర్డులు, మిగతాది రాగితీగ, అయస్కాంతాలు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్లు. బీరువాకి తలుపులు పీకించేద్దామని మా వాళ్ళన్నారు. శనివారాలు కూర్చునే మనిషి ఒకరు కావాలి, ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా?