పాపకి ఇసినోఫిల్స్ 14 శాతం వచ్చినాయి, యాంటీబయాటిక్ పోయొచ్చా?

తిరుచానూరు అమ్మ:
మా పాపకి ఆరేండ్లు. సెలవుల్లో పాకాల దగ్గర అవ్వోళ్ళ ఊర్లో ఉండి వచ్చింది, రోజంతా మామిడితోపులో చెప్పుల్లేకుండా తిరిగేది. వచ్చినప్పట్నుంచి పొడిదగ్గు, రాత్రిపూట ఎక్కువ, జొరం లేదు. సీబీసీ అనే రక్తపరీక్ష చేపిస్తే తెల్లకణాలు 11,000, వాటిలో ఇసినోఫిల్స్ 14 శాతం. ఇన్ఫెక్షన్ అని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చినారు. ఇంకా పోయలేదు.

ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు:
పోయొద్దమ్మా. శాతం ఒక్కటే చూస్తే తెలీదు, 11,000లో 14 శాతం అంటే 1,540, మామూలుగా 500 లోపల ఉండాల. ఇసినోఫిల్ అంటే ఒకరకం తెల్లకణం, మైక్రోస్కోపులో దాన్ని ఇట్టే గుర్తుపడతాం, కేంద్రకం రెండు తమ్మెలుగా ఉండి చుట్టూ నారింజ ఎరుపు గింజలు కిక్కిరిసి ఉంటాయి. దాని విషమంతా ఆ గింజల్లోనే. బ్యాక్టీరియానైతే న్యూట్రోఫిల్స్ అనే ఇంకోరకం తెల్లకణాలు మింగేస్తాయి, చీములో ఉండేది చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. కడుపులో పురుగులు అంతంత పెద్దవి, మింగేదానికి కుదరదు, అందుకని ఇసినోఫిల్స్ పురుగుకి అతుక్కుని ఆ విషాన్ని దానిమీద కుమ్మరిస్తాయి. ఆస్తమా ఉన్నోళ్ళకి అదే విషం సొంత ఊపిరితిత్తుల్నే దెబ్బతీస్తాది. టైఫాయిడ్ లాంటి బ్యాక్టీరియా జొరాల్లో ఇవి పెరగవు, పడిపోతాయి, ఒక్కోసారి రిపోర్టులో సున్నా కూడా వస్తాది. ఈ రిపోర్టుకి యాంటీబయాటిక్ ఇచ్చేది తప్పు.

ఇద్దరు పిలకాయల నాయన, తిరుపతి:
మావోడికి ఇస్నోఫీలియా, అంటే ఈ కణాలు ఎక్కువున్నాయని స్టెరాయిడ్ సిరప్ రాసినారు, దగ్గు టక్కున ఆగింది, కౌంటూ దిగింది. అది అడిగి చూడండి.

స్టాఫ్ నర్స్, తిరుపతి:
అన్నా, దయచేసి అట్లా చెప్పొద్దు. స్టెరాయిడ్ పడితే పురుగున్నా లేకున్నా కౌంట్ గంటల్లోనే దిగిపోతాది, రిపోర్టు బాగుంటాది, పురుగు మాత్రం లోపలే ఉంటాది. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగుండి స్టెరాయిడ్ వాడితే ప్రాణం మీదికే వస్తాది. అక్కా, కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి కాళ్ళ చర్మంలో దూరి, రక్తంలో ఊపిరితిత్తులకి పోయి, ఆడ్నించి గొంతులోకొచ్చి, మింగితే పేగుల్లోకి దిగుతాయి, దగ్గు ఆ దోవలోనే రావచ్చు. అప్పుడే మోషన్ టెస్ట్ చేస్తే ఏమీ కనపడదు, పురుగు ఇంకా గుడ్లు పెట్టుండదు, కొన్ని వారాలాగి మళ్ళీ చేపించాల. అలర్జీ కూడా కావచ్చు, ఇంట్లో ఎవరికన్నా ఆస్తమా ఉందా? రుయా ఆస్పత్రిలో పిల్లల ఓపీకి తీసుకుపోండి, ఒట్టికాళ్ళతో తిరిగిందని మీరే చెప్పండి, రద్దీలో డాక్టరు అడగకపోవచ్చు.

తిరుచానూరు అమ్మ:
మా అత్తకి ఆస్తమా ఉంది. ఫిబ్రవరిలో స్కూల్లో ఆల్బెండజోల్ మాత్ర వేసినారే, అయినా పురుగులు వస్తాయా?

ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు:
వస్తాయమ్మా. ఆ మాత్ర అప్పటికి కడుపులో ఉన్నవాటినే చంపుతాది, తర్వాత మట్టిలోంచి ఎక్కేవాటిని ఆపదు. అత్తగారి ఆస్తమా సంగతి కూడా డాక్టరుకి చెప్పండి, ఛాతీ విని, పిల్లికూతలు ఉన్నాయో లేదో చూసి తేలుస్తారు.