సిట్టింగ్‌కు రాని ఆడ పోలీసు పోలీసు కాదా?

కర్నూలు డబ్ల్యూపీసీ:
మహిళా కానిస్టేబుల్‌గా తొమ్మిదేళ్ల సర్వీసు నాది. ఓ దసరాకు దేవరగట్టు బన్ని కర్రల సమరానికి బందోబస్తు. కర్రల దెబ్బలు తిన్నవాళ్లను తెల్లారేదాకా ఆస్పత్రికి ఎక్కించి వచ్చేసరికి మావాళ్లు లాడ్జిలో సిట్టింగ్ పెట్టి సీసా తెరిచారు. ‘నువ్వూ పోలీసువే కదా, ఒక పెగ్గు వెయ్’ అన్నారు. వేశా. కూర్చోకపోతే ఏ కేసు ఎటు పోతోందో, ఎవరికి ఏ డ్యూటీ పడుతుందో తెలియదు, అవన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. కూర్చుంటే రోల్‌కాల్‌కు ముందే స్టేషనంతా పాకుతుంది. ఇప్పుడు నైట్ డ్యూటీ దిగాక నిద్ర పట్టక ఇంట్లోనూ తాగుతున్నా. స్టీలు గ్లాసులో, రంగు కనబడకుండా. తప్పంటారా?

రిటైర్డ్ ఏఎస్ఐ, అనంతపురం:
తప్పే తల్లీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపుతోనే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. చేసింది మీ కర్నూలాయనే, అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఇప్పుడు ఖాకీ వేసుకున్న ఆడబిడ్డే పెగ్గు పట్టుకుంటే ఎట్లా? మేమూ తాగినాం, కాదనను. మా టెన్షన్ అట్లాంటిది.

కడప నర్సు:
మీకైతే టెన్షన్, ఆమెకైతే దూబగుంటనా సార్? బందోబస్తులో బాత్రూం ఉండదని పొద్దంతా మంచినీళ్లు కూడా తాగరు ఆడ కానిస్టేబుళ్లు. దాని గురించి ఒక్కరూ అడగరు, రాత్రికి పెగ్గు మాత్రం చేతికిస్తారు.
అక్కా, ఒకటి విను. మన ఒంట్లో నీటి పాలు తక్కువ. మగవాళ్లు వేసే అదే పెగ్గు మన రక్తంలో ఎక్కువ ఎక్కుతుంది, లివరూ తొందరగా దెబ్బతింటుంది. మందుతో నిద్ర పట్టినట్టే ఉంటుంది, నడిరాత్రి మెలకువ వస్తుంది. వస్తోందా లేదా?

కర్నూలు డబ్ల్యూపీసీ:
వస్తోంది. మూడింటికల్లా.

నంద్యాల కుర్రోడు:
అన్నిట్లో సమానం అన్నారుగా, ఇందులోనూ సమానమే!

కర్నూలు డబ్ల్యూపీసీ:
ఏం సమానం తమ్ముడూ. మగ కానిస్టేబుల్ తాగి పడుకుంటే ‘పాపం, డ్యూటీ’ అని దుప్పటి కప్పుతారు. నేను తాగితే మా ఆయనకు ఫోన్ పోయింది.
మొన్న రాజ్‌విహార్ సెంటర్‌లో బ్రీత్ అనలైజర్ పట్టుకుని ‘ఊదండి’ అంటున్నా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. ఒక ముసలాయన ఊదకుండా నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకేం తెలుసు? అయినా నేనే తల దించుకున్నా.
ఈ దసరాకూ బందోబస్తుకు పోతా. సిట్టింగ్‌కు రానని ఇప్పుడే చెప్పేశా. బీరువాలో సీసా మాత్రం ఇంకా ఉంది.