ఒలింపిక్స్ పోస్టాఫీసు ముద్ర ఉన్న పాత కవర్లు, స్టాంపులు ఊడదీయొచ్చా?

పాతఆల్బమ్: తెలిసినవాళ్లు ఒక కవర్ల కట్ట ఇచ్చారు, 1936 బెర్లిన్‌వి, 1956వి ఉన్నాయి. కవర్లన్నీ దాచడానికి చోటు లేదు, స్టాంపులు నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెట్టేద్దామా అని. ఇంకోటి, ఒకదానిమీద స్టాంపు మామూలుదే కానీ ముద్రలో ఒలింపిక్స్ పేరుంది, అలాంటిది పారేయొచ్చా?

ముద్రలరాజు: బాబోయ్ నీళ్ల జోలికి పోకండి!! స్టాంపు లక్షల్లో అచ్చేస్తారు, అది ఎక్కడైనా దొరుకుద్ది, ఏ ఊళ్లో ఏ రోజు పోస్టయిందో చెప్పేది ముద్రే, నానబెడితే అందులో సగం కవర్‌మీదే ఉండిపోద్ది. మీరు పారేద్దామన్నదే నేనైతే ముందు దాచుకుంటా. 1896 ఏథెన్స్‌కి గ్రీస్ 12 స్టాంపులేసింది, ఆ అమ్మకాల డబ్బు ఆటల ఖర్చుకి కూడా పనికొచ్చింది, కానీ 1900 నుంచి 1912 దాకా నాలుగు ఒలింపిక్స్‌కి ఆతిథ్య దేశాలు అసలు స్టాంపే వెయ్యలేదు (1906 ఏథెన్స్ ఆటల్ని అసలు ఒలింపిక్స్‌లో లెక్కెయ్యరు). స్టాంపులొక్కటే ఏరుకుంటే ఆ ఏళ్లన్నీ మీ ఆల్బమ్‌లో ఖాళీయే కదా.

జిగురుచూడు: రాజుగారితో సగం ఒప్పుకుంటా. ముద్ర ఉన్నంత మాత్రాన గొప్పదైపోదు, చాలా దేశాలు కలెక్టర్లకి అమ్మడానికే ముద్రేసిన స్టాంపులు వదిలాయి. విడి స్టాంపుకి ముద్ర నీట్‌గా మూలకి పడి, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటే అది ఉత్తరం మోసింది కాదు అనుకోండి. 60ల చివర్లో అజ్మాన్, ఫుజైరా లాంటి చిన్న గల్ఫ్ ఎమిరేట్ల (ఇప్పటి యూఏఈలోవి) పేరుమీద వచ్చిన ఒలింపిక్స్ స్టాంపులు కుప్పలు, అక్కడ ఒలింపిక్స్ జరిగిందే లేదు! మీ కవర్లమీద అడ్రస్ ఉందా, ముద్ర స్టాంపు దాటి కవర్‌మీదకి కూడా పడిందా, ముందు అది చూడండి.

పాతఆల్బమ్: అడ్రస్‌లున్నాయి, ముద్ర కవర్‌మీదకీ వచ్చింది. కానీ 1956దాంట్లో తేదీ జూన్ అనుంది, మెల్‌బోర్న్ నవంబర్‌లో కదా, దొంగదా?

ముద్రలరాజు: తొందరపడకండి, ఊరి పేరు చదవండి. స్టాక్‌హోమ్ అని ఉంటే తేదీ సరిగ్గా సరిపోద్ది. ఆస్ట్రేలియా క్వారంటైన్ రూల్స్ వల్ల బయటి గుర్రాల్ని రానివ్వలేదు, అందుకే గుర్రపుస్వారీ పోటీలొక్కటీ జూన్‌లో స్వీడన్‌లో పెట్టారు, స్వీడన్ వాటికి స్టాంపులు కూడా వేసింది.

జిగురుచూడు: స్టాక్‌హోమ్‌దే అయితే రెండువైపులా ఫొటో పెట్టండి. పీవీసీ ప్లాస్టిక్ తొడుగుల్లో మాత్రం పెట్టకండి, కొన్నాళ్లకి జిడ్డెక్కి ముద్ర పాడవుద్ది.