రైళ్లు వచ్చాక కూడా బొగ్గు ఓడల కంపెనీ ఎలా నిలిచింది?

తీరరేఖ (ప్రశ్న):
1730లో క్లార్క్ సోదరులు మొదలుపెట్టిన స్టీఫెన్సన్ క్లార్క్ కంపెనీ 2012లో మూతపడే వరకు బ్రిటన్ తీరం వెంబడి ఓడలు నడిపింది. అందులో ఎక్కువ కాలం దాని ప్రధాన సరుకు ఈశాన్య ఇంగ్లండ్ నుంచి లండన్‌కు వెళ్లే బొగ్గే. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు అదే బొగ్గును నేరుగా లండన్‌కు చేర్చడం మొదలుపెట్టాక కూడా ఈ వ్యాపారం ఎలా నిలదొక్కుకుందో తెలిసినవారు వివరించగలరా?

దీపస్తంభం:
ఓడ తీరు మారడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. లండన్‌లో బొగ్గు దించిన తెరచాప ఓడకు తిరుగు ప్రయాణంలో తగినంత సరుకు దొరికేది కాదు. ఖాళీగా వెళితే గాలికి ఒరిగిపోతుంది కనుక అడుగున ఇసుకో కంకరో నింపుకొని, ఈశాన్య ఇంగ్లండ్‌లోని టైన్ నదికి చేరాక దాన్ని కూలి ఇచ్చి మరీ ఒడ్డున పోయించవలసి వచ్చేది. అలా పోసినదంతా ఆ నదీతీరంలో గుట్టలుగా పేరుకుపోయింది. 1852లో జారో దగ్గర చార్లెస్ పామర్ నిర్మించిన ‘జాన్ బోస్’ అనే ఇనుప స్టీమరు సుమారు 650 టన్నుల బొగ్గు మోసి, రెండు తెరచాప ఓడలు నెలకు పైగా చేసే పనిని ఐదు రోజుల్లో ముగించింది. ఈ తరహా స్టీమర్లలో బరువు కోసం సముద్రపు నీటినే తొట్లలోకి ఎక్కించుకొని, రేవులో పంపుతో తోడివేసే ఏర్పాటు వచ్చాక ఆ కూలి ఖర్చు, ఆ ఆలస్యం రెండూ తప్పాయి.

రేవుపద్దు:
దీపస్తంభం గారు చెప్పినదానికి కొనుగోలుదారుల సంగతి కూడా చేర్చాలి. బొగ్గు నుంచి గ్యాసు తీసే కర్మాగారాలు, ఆ తరువాత బ్యాటర్‌సీ, ఫుల్హమ్ వంటి విద్యుత్ కేంద్రాలు థేమ్స్ ఒడ్డునే ఉండేవి కనుక ఓడలోని బొగ్గును వాటి సొంత రేవులోనే దించుకునేవి. అయితే అక్కడికి చేరాలంటే లండన్ వంతెనల కింద నుంచి వెళ్లాలి. అందుకోసమే ‘ఫ్లాటైరన్’ అనే ఓడలను ప్రత్యేకంగా కట్టారు: చుక్కాని గది బాగా పొట్టిగా ఉండేది, వంతెన దగ్గరపడగానే పొగగొట్టాన్నీ స్తంభాలనూ వెనక్కి మడిచేసేవారు. ఇంత చక్కని పనితనానికి దక్కవలసినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

తీరరేఖ:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఆ బొగ్గు రవాణా ఎందుకు క్షీణించింది?

రేవుపద్దు:
కొనుగోలుదారులే కనుమరుగయ్యారు. 1967 తరువాత పదేళ్లలో బ్రిటన్ ఉత్తర సముద్రపు సహజవాయువుకు మారడంతో బొగ్గు నుంచి గ్యాసు తీసే కర్మాగారాలు మూతపడ్డాయి. కొత్త విద్యుత్ కేంద్రాలను ట్రెంట్ లోయ వంటి చోట్ల, గనులకు దగ్గరగా కట్టారు. ఫుల్హమ్ కేంద్రం 1978లో, బ్యాటర్‌సీ 1983లో ఆగిపోయాయి.